రుచి ఒక్కటే – దినుసులు నాలుగు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆడపిల్లల పెళ్ళిళ్ళ ఖర్చు గురించి మాట్లాడవలసిన సభలో సోంపు గింజల మాటేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మేము హకీములం కాము, డాక్టర్లం అంతకన్నా కాము. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకొనే ఉపాధ్యాయులం. అయితే ఈ విషయంలో పంతుళ్ళకు కూడా కొంచెం పని వున్నది. ఎందుకంటే ఇది ముందు పేర్లకు సంబంధించిన విషయం, తర్వాతే మందులకు సంబంధించినది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దాచిన నుస్ఖాలు ఉర్దూ లిపిలో వుంటాయి. మనవలు, మనవరాళ్ళు తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. నుస్ఖాలో "బాదియాన్" అని వుంటే అది రోజూ భోజనం తర్వాత నోట్లో వేసుకొనే సోంపేనని వాళ్ళకు తెలియదు. "బాదియాన్ ఖతాయి" అని వుంటే అది వేరే చెట్టు కాయ అనీ తెలియదు. చదవలేని కాగితాన్ని పట్టుకొని, విన్న మాటను బట్టి, రుచిని బట్టి మందు చేసుకోవటం మొదలైంది. అక్కడే ప్రమాదం వున్నది. అందుచేత తియ్యగా, చల్లగా, ఒకే మాదిరి రుచి వుండే నాలుగు దినుసుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

పేర్ల పాఠం

మొదటిది సోంపు. మనం సౌంఫ్ అంటాం, హకీములు బాదియాన్ అంటారు. కొందరు తెలుగువారు పెద్ద జీలకర్ర అని కూడా అంటారు. ఇది జీలకర్ర, ధనియాలు, వాము కుటుంబానికి చెందిన మొక్క. మన దేశంలో గుజరాత్, రాజస్థాన్‌లలో బాగా పండుతుంది. గుజరాత్‌లోని ఊంఝా మార్కెట్టు జీలకర్రకు, సోంపుకు పేరుపొందినది. సన్నగా, పచ్చగా, ఎక్కువ తియ్యగా వుండే రకాన్ని లక్నో సోంపు అంటారు.

రెండవది అనీసూన్. దీన్ని బాదియాన్ రూమీ అని కూడా రాస్తారు. ఇదీ అదే కుటుంబం, కానీ మొక్క వేరు. గింజ సోంపు కంటే చిన్నది, కొంచెం గుండ్రనిది. ఈజిప్టు, సిరియా, టర్కీ వైపు దీని వాడకం జాస్తి. ఈజిప్టులో "యాన్‌సూన్" అనే పేరుతో టీ లాగా కాచి తాగుతారు. మన బజారులో చిక్కు ఏమిటంటే, మామూలు సోంపు పొట్లం మీదే "అనీసీడ్" అని ఇంగ్లీషులో అచ్చువేసి అమ్ముతుంటారు. ఆ ఇంగ్లీషు పేరు న్యాయంగా అనీసూన్‌ది.

మూడవది అనాస పువ్వు. పేరుకు పువ్వు గాని, నిజానికి ఎండిన కాయ. సాధారణంగా ఎనిమిది రెక్కలతో నక్షత్రంలా వుంటుంది. ఇది చెట్టుకు కాస్తుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ, వియత్నాంలోని లాంగ్‌సాన్ ప్రాంతాలు దీని పుట్టిళ్ళు. హకీములు దీన్ని బాదియాన్ ఖతాయి అంటారు. "ఖతా" అంటే పాత ఫారసీలో చైనా దేశం. అంటే చైనా సోంపు అన్నమాట. మసాలా పొట్లాల్లో దీని పక్కనే వుండే మరాఠీ మొగ్గ మరో చెట్టుది. రెండూ ఒకటి కావు.

నాల్గవది ములేఠీ. తెలుగులో అతిమధురం, ఆయుర్వేదంలో యష్టిమధుకం, యునానీలో అస్లుస్సూస్. ఇది గింజా కాదు, కాయా కాదు, వేరు. చిక్కుడు, సెనగ కుటుంబానికి చెందిన మొక్క వేరు. "అస్ల్" అంటే అరబ్బీలో వేరు, మూలం. "సూస్" అనేది ఆ మొక్క పేరు. గ్రీకు భాషలో దీని పేరుకు కూడా తియ్యని వేరు అనే అర్థం. మన మార్కెట్టుకు ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, మధ్య ఆసియా వైపు నుంచి వస్తుంది.

ఒకే రుచి ఎలా వచ్చింది?

నాలుగు మొక్కలు, మూడు కుటుంబాలు. అయినా నాలుక మీద అన్నీ అక్కచెల్లెళ్ళలా వుంటాయి. మొదటి మూడింటిలో "అనెథోల్" అనే సుగంధ తైలం వుంటుంది. ఆ తియ్యని వాసన దానిదే. ములేఠీ తీపి మాత్రం అనెథోల్ వల్ల కాదు. దానిలో "గ్లిసరైజిన్" అనే పదార్థం వున్నది. అది చక్కెర కంటే సుమారు 30 నుంచి 50 రెట్లు తీపి. అందుకే చిన్న ముక్క చప్పరించినా ఆ తీపి చాలాసేపు నోట్లో వుండిపోతుంది.

ఈ తేడాను జ్ఞాపకం పెట్టుకోవాలి. రుచి దగ్గరగా వుంది కాబట్టి ఒకదానికి బదులు ఒకటి వాడవచ్చు అనుకోవటం వంటలో కొంతవరకు చెల్లుతుంది. మందులో చెల్లదు.

వంటింట్లో

మన నిహారీకి పోట్లీ కా మసాలా కడతాం గదా! పల్చటి గుడ్డలో సోంపు, పత్థర్ కా ఫూల్, ఇంకా ఇతర దినుసులు మూటగట్టి ఎసట్లో వేస్తాం. వాసన పులుసులోకి దిగుతుంది, పొట్టు పంటి కిందికి రాదు. లక్నో వారి యఖ్నీ పులావులో కూడా ఇదే పద్ధతి. కాశ్మీరులో సోంపు పొడి, శొంఠి పొడి లేనిదే మాంసం వండరంటే అతిశయోక్తి కాదు. బెంగాలువారి పంచ్ ఫోరన్‌లో అయిదు దినుసుల్లో సోంపు ఒకటి. మాల్‌పువా, గుల్‌గులే పిండిలో చిటికెడు సోంపు పడితే ఆ రుచే వేరు. ఉత్తరాది మామిడికాయ అచారులో సోంపు, కలోంజీ, మెంతులు కలిసి వుంటాయి.

అనాస పువ్వును బగారా అన్నంలో, పులావులో, బిరియానీ మసాలాలో కొందరు వేస్తారు. ఇది ఘాటైన సరుకు. కిలో బియ్యానికి ఒకటి రెండు పువ్వులు చాలు. ఎక్కువైతే అన్నం మందు వాసన కొడుతుంది. చైనావారి అయిదు దినుసుల మసాలాలో అనాస పువ్వు, సోంపు రెండూ వుంటాయి. వియత్నాం వారి "ఫో" అనే మాంసపు పులుసులో అనాస పువ్వు ముఖ్యం.

ములేఠీ మన దగ్గర కూరల్లోకి రాదు. పాన్‌లోకి వస్తుంది, జోషాందాలోకి వస్తుంది. ఈజిప్టులోను, సిరియాలోను రంజాన్ నెలలో ములేఠీతో చేసిన "ఇర్ఖ్‌సూస్" అనే నల్లని చల్లని పానీయం ఇఫ్తారు వేళ తాగుతారు. ఈ వేరు దాహం తీరుస్తుందన్న మాట చాలా పాతది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ కూడా రాసిపెట్టాడు.

తల్లులకు, చెల్లెళ్ళకు ఒక చిన్న మాట. ఈ సుగంధ తైలం గాలికి ఎగిరిపోయే రకం. పొడి చేసి నెలల తరబడి డబ్బాలో వుంచితే మిగిలేది పొట్టే. గింజగా దాచుకొని అవసరమైనప్పుడు దంచుకోవాలి. తైలం నూనెలో, నెయ్యిలో బాగా కరుగుతుంది గనుక తాలింపులో మొదట వేస్తేనే వంటకంతా పట్టుతుంది. కషాయం కాచేటప్పుడు గిన్నెపై మూత తీయకూడదు. మూత తీసి మరిగిస్తే మందు వంటింటి గాలికి పోతుంది, రోగికి వట్టి వేడినీళ్ళు మిగులుతాయి.

హకీముల దగ్గర

ఇబ్నె సీనా (980–1037) రాసిన "అల్ ఖానూన్ ఫిత్తిబ్" నుంచి మన కాలపు హకీముల వరకు ఈ దినుసుల ప్రస్తావన నడుస్తూనే వుంది. యునానీ వైద్యం ప్రకారం సోంపు మిజాజ్ గరమ్-ఖుష్క్, అంటే వేడి, పొడి స్వభావం. దాన్ని "కాసిరె రియాహ్" అంటారు. కడుపులో వాయువును విరగగొట్టేది అని అర్థం. ములేఠీని "మునఫ్ఫిసె బల్గమ్" అంటారు, అంటే కఫాన్ని వదిలించేది. ఉన్నాబ్, సపిస్తాన్, ఖత్మీ, గులె బనఫ్షా, గావ్‌జబాన్‌లతో పాటు ములేఠీ కూడా పడితేనే మనం ఎరిగిన జోషాందా అవుతుంది.

హైదరాబాదులో చార్మినారు పక్కనే నిజామియా ఆసుపత్రి, తిబ్బీ కళాశాల వున్నాయి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేర యునానీ వైద్య కళాశాల వున్నది. హైదరాబాదు ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వపు యునానీ పరిశోధన సంస్థ వున్నది. అంటే చదువుకున్న హకీములు మనకు దూరంగా లేరు. దూరమైపోతున్నది వారి కాగితాన్ని చదవగలిగే భాష.

ఉదాహరణకు కొన్ని మాటలు చెబుతాం, పిల్లలు రాసుకోండి. "బాదియాన్" అంటే సోంపు గింజ. దానికి ముందు "బేఖ్" అనే రెండక్షరాలు చేరి "బేఖె బాదియాన్" అయితే గింజ కాదు, ఆ మొక్క వేరు. "అర్ఖె బాదియాన్" అంటే ఆవిరి పట్టి తీసిన సోంపు నీరు. "నీమ్‌కోఫ్తా" అంటే కచ్చాపచ్చాగా దంచినది. "సఫూఫ్" అంటే మెత్తని పొడి. "అస్లుస్సూస్ ముఖశ్శర్" అంటే పైచెక్కు తీసిన ములేఠీ. "రుబ్బుస్సూస్" అంటే ములేఠీని కాచి, గట్టిపరచిన సారం. వేరుకూ సారానికీ బలంలో చాలా తేడా. ఒక్క మాట తప్పు చదివితే మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. భాష పోతే కవిత్వం మాత్రమే పోతుందనుకుంటారు కొందరు. ఇంట్లోని మందుల డబ్బా మీద వున్న భద్రత కూడా పోతుంది.

హద్దులు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. "ఇంటి వైద్యమే గదా, మంచి చేయకపోతే మానె, చెడు మాత్రం చేయదు" అనే మాట మన ఆడవాళ్ళ నోట, మగవాళ్ళ నోట కూడా తరచు వింటుంటాము. ఈ మాట నిజం కాదు.

మొదట పసిబిడ్డల సంగతి. బిడ్డ ఏడిస్తే కడుపునొప్పి అని సోంపు నీళ్ళు, అనాస పువ్వు నీళ్ళు పట్టే ఇళ్ళు వున్నాయి. జపాన్‌లో అనాస పువ్వును పోలిన మరో చెట్టు వుంది. దాని కాయ చూడ్డానికి అచ్చం ఇలాగే వుంటుంది, కాని విషం. అక్కడ దాని ఆకు, బెరడు ధూపానికి వాడతారు, తినరు. ఆ కాయ మంచి సరుకులో కలిసిపోయిన సందర్భాలు వున్నాయి. 2001లో నెదర్లాండ్స్‌లో అటువంటి టీ తాగి అరవై మందికి పైగా జబ్బుపడ్డారు. 2003లో అమెరికా ఆహార ఔషధ శాఖ అనాస పువ్వు టీ తాగవద్దని ప్రజలను హెచ్చరించింది. సుమారు 40 మంది అస్వస్థులు కాగా వారిలో దాదాపు 15 మంది పసిబిడ్డలు. వాంతులు, వణుకు, ఫిట్స్ వచ్చాయి. మామూలు చూపుకు రెండు కాయలకూ తేడా తెలియదు. పొడి చేస్తే అసలే తెలియదు. పులావు అండాలో ఒక పువ్వు పడటం వేరు, నాలుగు కిలోల బిడ్డకు దాని కషాయం పట్టటం వేరు.

సోంపు నీళ్ళ విషయం కూడా చెప్పాలి. కొన్ని చిన్న పరిశీలనల్లో బిడ్డల ఏడుపు తగ్గినట్లు కనిపించిన మాట నిజమే. అయితే సోంపులో ఎస్ట్రగోల్ అనే మరో పదార్థం కూడా వుందని, చిన్నపిల్లలకు జాగ్రత్త అవసరమని ఐరోపా ఔషధ సంస్థ చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకా సూటిగా వున్నది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప బిడ్డకు నీళ్ళు కూడా అక్కరలేదు. ఏడుపు ఆగకపోయినా, జ్వరమున్నా, పాలు తాగకపోయినా బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. నానీ చెప్పిన చిట్కా కోసం ఒక రాత్రి ఆగటం కొన్నిసార్లు చాలా ఖరీదైన ఆగటం అవుతుంది.

రెండవది బి.పి. వున్న పెద్దల సంగతి. గొంతు బొంగురుపోయినా, దగ్గు వచ్చినా, కడుపులో మంట వచ్చినా ములేఠీ ముక్క బుగ్గన పెట్టుకోవటం మనకు అలవాటు. ఒకటి రెండు రోజులకు ఇబ్బంది లేదు. ఖురాన్ చదివే హాఫిజ్‌లకు, పాఠం చెప్పే మాబోటి వాళ్ళకు ఇది అక్కరకు వచ్చే వేరే. కాని వారాల తరబడి రోజూ తీసుకొంటే ఏం జరుగుతుందో వినండి. మన శరీరంలో కార్టిజోల్ అనే స్రావం వుంటుంది. మూత్రపిండాల్లో దాని జోరును ఒక ఎంజైము అణచివుంచుతుంది. ములేఠీలోని గ్లిసరైజిన్ ఆ ఎంజైమును అడ్డుకొంటుంది. అప్పుడు ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం బయటకు పోతుంది. బి.పి. పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది.

ఇది పుస్తకాల్లోని భయం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 54 ఏళ్ళ మనిషి కొన్ని వారాలపాటు రోజూ ఒకటిన్నర సంచి నల్ల ములేఠీ మిఠాయి తిని, పొటాషియం పడిపోయి, గుండె ఆగి మరణించినట్లు 2020లో ఒక పెద్ద వైద్య పత్రిక ప్రచురించింది. ఐరోపా నిపుణులు రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసరైజిన్‌ను హద్దుగా చెప్పారు. వేరును బట్టి ఎక్కువ తక్కువలుంటాయి గాని, రెండు మూడు గ్రాముల వేరులోనే ఆ హద్దు దాటిపోవచ్చు. బి.పి. మాత్రలు, నీరు పోయే మాత్రలు, గుండెకు డిగాక్సిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ములేఠీ తీసుకోరాదు. గర్భిణీ స్త్రీలు దీన్ని మానుకోవటమే మంచిది. ఫిన్లాండ్‌లో చేసిన పరిశీలనల్లో, ములేఠీ మిఠాయి మరీ ఎక్కువగా తిన్న తల్లులకు నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువగా అయినట్లు కనిపించింది.

మూడవది వదంతుల సంగతి. 2005లో బర్డ్ ఫ్లూ భయం, 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అనాస పువ్వుకు గిరాకీ వచ్చింది. కారణం, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందును తయారుచేయటానికి కావలసిన షికిమిక్ ఆమ్లం ఆ కాయ నుంచి తీస్తారు. కాని ఆ ఆమ్లం ఫ్యాక్టరీలో ఎన్నో దశలు దాటితే గాని మందు కాదు. పువ్వు నమిలితే ఫ్లూ పోదు. పత్తి వుంది గదా అని ఒంటికి పత్తి చుట్టుకొంటే చొక్కా అవుతుందా?

మరి ఏం చేద్దాం?

భయపడి అన్నీ పారేయమని మేము చెప్పటం లేదు. పెద్దవాళ్ళకు భోజనం తర్వాత కడుపు ఉబ్బరమైతే అర చెంచా నుంచి చెంచాడు సోంపు, అంటే సుమారు 2 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు మరిగే నీళ్ళలో వేసి, మూతపెట్టి పది నిమిషాలుంచి వడగట్టి తాగితే హాయిగా వుంటుంది. రెండు వారాలైనా బాధ తగ్గలేదంటే అది సోంపుతో పోయే జబ్బు కాదని తెలుసుకోవాలి. మందు కోసం అనాస పువ్వు వాడవద్దు, వంటకే వుంచుకోండి. ములేఠీని వేరు ముక్కగా, పాత నమ్మకమైన పచారీ కొట్టులోనే కొనండి. గురివింద తీగ వేరు కూడా తియ్యగా వుండటం వల్ల ములేఠీ పేరుతో అమ్మే అవకాశం వుంది. పొడి కొంటే అందులో ఏముందో అల్లాకే ఎరుక.

సొసైటీ పెద్దలకు మూడు మనవులు. ఒకటి, ఇళ్ళల్లో వున్న పాత నుస్ఖాలను పారేయకుండా తెప్పించి, ఉర్దూ చదవగలిగినవారు పక్కన తెలుగులో పేర్లు రాసి ఇచ్చే ఏర్పాటు చేయాలి. ఈ పని మాబోటి ఉపాధ్యాయులం ఆదివారాలలో చేసిపెడతాము, పైసా ఖర్చు లేదు. రెండు, ఆ నుస్ఖాలను వాడవచ్చో లేదో చెప్పటానికి ఒక చదువుకున్న హకీము సాహెబును, ఒక డాక్టరుగారిని ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. హకీముకు చెప్పనిది డాక్టరుకు, డాక్టరుకు చెప్పనిది హకీముకు దాచే అలవాటు మనలో వుంది. ఆ దాపరికం పోవాలి. మూడు, ప్రతి ఇంట్లో పిల్లల చేత డబ్బాల మీద ఉర్దూలోను, తెలుగులోను పేర్లు రాయించండి. ఆ పిల్లకు రెండు లిపులూ వస్తాయి, ఆ ఇంటికి రక్షణా వస్తుంది.

జబ్బు ఇచ్చినవాడు దానికి మందు కూడా సృష్టించాడని మన విశ్వాసం. ఆ మందును వెదికి, పేరు తెలుసుకొని, హద్దెరిగి వాడుకొనే తెలివిని కూడా ఆయనే ఇచ్చాడు. మొదటి మాట నమ్మి రెండవది వదిలేస్తే అది తవక్కుల్ కాదు, అజాగ్రత్త.

మన ఇళ్ళల్లోని పసిపిల్లలకు, పెద్దలకు అల్లా ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక, ఆమీన్.